పక్కన కూర్చుంటే తెరుచుకోని బీరువా

పొద్దున ఏడున్నరకు కోడలు ఒకేసారి మూడు పనుల మీద ఉంది. స్టవ్ మీద పాలు, చేతిలో అత్తగారి మాత్రలు, చంకలో ల్యాప్‌టాప్. పాలు పొంగాయి. మాత్ర ఒకటి జారి స్టవ్ కిందకు దొర్లింది. ల్యాప్‌టాప్ మాత్రం జారలేదు. అది ఆఫీసుది. దాన్ని జారనిచ్చే ధైర్యం ఆమెకు లేదు.

"అమ్మాయ్, పాలు పొంగినట్టున్నాయి" అని వెనక గదిలోంచి అత్తగారు కేక వేసింది.

"పొంగి, స్టవ్ ఆర్పి, ఇప్పుడు నేల మీద నడుస్తున్నాయి అత్తయ్యా."

"చెప్తే తిడతావని ఆగాను."

అత్తగారికి తుంటి ఎముక విరిగి ఏడు వారాలయింది. బాత్రూంలో జారలేదు, మెట్ల మీద పడలేదు. కిటికీ పరదా రింగు తగిలించడానికి కుర్చీ ఎక్కింది. "ఇంట్లో పొడుగు మనిషిని నేనుండగా నువ్వెందుకు ఎక్కావమ్మా" అని కొడుకు అడిగితే, "ఆ పొడుగు మనిషికి మూడు నెలల నుంచి చెబుతున్నాను కనక" అంది. ఆపరేషన్ అయింది. పక్కన మనిషి లేకుండా మంచం దిగవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొడుకు బస్సు డిపోలో మెకానిక్. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నం మూడింటికి వస్తాడు. కాబట్టి ఆ పక్కన మనిషి కోడలే.

కోడలు లిఫ్టులు తయారుచేసే కంపెనీలో డ్రాయింగులు వేస్తుంది. అత్తగారు కోలుకునేదాకా ఇంటి నుంచి పని చేసుకోమని ఆఫీసు ఒప్పుకుంది. ఒప్పుకుంది అనడం కన్నా ఓర్చుకుంది అనాలి. డ్రాయింగులన్నీ ఆఫీసులో అందరికీ కలిపి ఉన్న డ్రైవ్‌లో ఉంటాయి. ఇంట్లో కూర్చుని దాన్ని తెరవాలంటే ముందు వీపీఎన్ కలవాలి. అదేమిటని మొదటి వారంలో అత్తగారు అడిగింది.

"ఆఫీసులో పెద్ద బీరువా ఉందనుకోండి అత్తయ్యా. మన ఇంట్లోంచి దాని దాకా ఒక సొరంగం తవ్వారు. ఆ సొరంగమే వీపీఎన్."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో డ్రైవ్ అనే మాట పోయింది. "బీరువా తెరుచుకుందా" అని పొద్దున్నే అత్తగారు అడిగేది. డిపో నుంచి ఫోన్ చేసి కొడుకూ అదే అడిగేవాడు.

పోయిన వారం దాకా తెరుచుకుంటూనే ఉంది. కోడలు హాల్లో కూర్చుని పనిచేసేది. అత్తగారు పిలిచినప్పుడల్లా వెనక గదికి పరుగెత్తేది. ఒకరోజు పిలిచేదాకా కూడా ఆగక అత్తగారు తనే లేవబోయింది. మంచం పట్టీ పట్టుకుని వేలాడుతుండగా కోడలు చూసింది.  ఇక తను అత్తగారి పక్కనే కూర్చుని పనిచేస్తానంది. హాల్లో ఉన్న వైఫై పెట్టె సిగ్నల్ వెనక గది దాకా రాదు. మొగుడు ఇంకో పెట్టె కొనుక్కొచ్చి, హాల్లోంచి వైరు లాగి, అత్తగారి మంచం పైన గోడకు బిగించాడు.

"ఇక చూడు, ఎక్స్‌ప్రెస్ బస్సే" అన్నాడు.

ఆ బస్సు రెండుసార్లు దారిలో ఆగింది. మెయిల్ వస్తుంది, ఫోన్ మీటింగు వస్తుంది, బీరువా మాత్రం తెరుచుకోదు. రెండుసార్లూ ఆఫీసు హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేసింది. రీస్టార్ట్ చేయమన్నారు. చేసింది. మళ్ళీ చేయమన్నారు. అలా చేస్తుండగా ఛార్జింగ్ అయిపోయేది. వెనక గదిలో ప్లగ్గు లేదు. విసుక్కుంటూ హాల్లోకి తీసుకెళ్ళి ప్లగ్గు పెట్టి మళ్ళీ రీస్టార్ట్ చేస్తే బీరువా తెరుచుకునేది. "చూశారా మేడమ్, రీస్టార్ట్‌తో అయిపోయింది" అనేవాడు హెల్ప్‌డెస్కాయన. ఆమె కూడా సరేననుకుని ఆ రోజంతా హాల్లోనే కూర్చునేది.

నిన్న సాయంత్రం మొగుడు ఇరవై అడుగుల ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి వెనక గదిలోకి ప్లగ్గు కూడా లాగాడు. "ఇక అమ్మ పక్కనుంచి కదలక్కర్లేదు నువ్వు" అన్నాడు. మంచివాడే. మంచివాళ్ళు చేసే పనుల్లోనే ఇలాంటివి ఎక్కువగా ఉంటాయి.

ఇవాళ ఎనిమిదిన్నరకు ఆమె అత్తగారి పక్కన మడత బల్ల వేసుకుని కూర్చుంది. వీపీఎన్ కలిసింది. పచ్చ టిక్కు వచ్చింది. బీరువా మీద నొక్కింది. చాలాసేపు తిరిగి తిరిగి, నెట్‌వర్క్ దారి దొరకలేదని రాసి వచ్చింది.

"తెరుచుకుందా?" అంది అత్తగారు.

 కోడలు ఆఫీసులో తన పై అధికారి అయిన సెక్షన్ మేడమ్‌కు ఫోన్ చేసింది.

ఇవాళ తెరుచుకోకపోతే కుదరదు. ఒక ఆసుపత్రి లిఫ్టుకు తను వేసిన డ్రాయింగులో తలుపు వెడల్పు పది సెంటీమీటర్లు తక్కువ పడింది. రాత్రి నిద్రపట్టక లెక్క చూసుకుంటుంటే తట్టింది. ఆ తలుపులోంచి స్ట్రెచర్ దూరదు. పన్నెండింటికి ఫ్యాక్టరీవాళ్ళు బీరువాలోంచి ఆ డ్రాయింగు తీసి రేకు కోస్తారు. సరిచేయడం పది నిమిషాల పని. దాన్ని అందుకోవడమే అసలు పని.

మేడమ్ అంతా విని నిదానంగా అంది. "ఆ డ్రాయింగు లోగుట్టు నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నువ్వే తెరిచి సరిచెయ్యి. పన్నెండు దాటితే నేను రేకు కోత ఆపిస్తాను. నా మాట పోతుంది, పోనీలే. కానీ సోమవారం నుంచి నువ్వు ఆఫీసుకు వచ్చెయ్. ఇది మూడోసారి. పైవాళ్ళకు ఇంకేం చెప్పను?"

ఆఫీసు రానూపోనూ నాలుగు గంటల ప్రయాణం. పొద్దున పోతే చీకటిపడ్డాకే. అప్పుడు అత్తగారి పక్కన ఎవరు? ఆడపడుచు ఆ మాట ఎప్పుడో అంది. నర్సులు చూసుకునే చోటు ఒకటుంది, నెలకింత, రెండు మూడు నెలలు అక్కడ ఉంచుదామని. అత్తగారు ఒక్క మాటలో తేల్చింది. "అక్కడికి పంపే బదులు నన్ను ఆ కుర్చీయే మళ్ళీ ఎక్కించండి."

కోడలు హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేసి, రెండు చేతులూ కీబోర్డు మీదే ఉండాలని స్పీకర్ పెట్టింది. అదే ఆయన.

"వీపీఎన్ కలిసిందా మేడమ్?"

"కలిసింది."

"పచ్చ టిక్కు ఉందా?"

"ఉంది. మెయిల్ వస్తోంది. అన్నీ వస్తున్నాయి. డ్రైవ్ ఒక్కటే రావడం లేదు."

"ఒకసారి రీస్టార్ట్ చేశారా?"

"రెండుసార్లు చేశాను."

"మూడోసారి చేయండి మేడమ్."

మంచం మీద నుంచి అత్తగారు, "ఎవరమ్మాయ్, రీస్టార్ట్ గారేనా?" అంది.

"అత్తయ్యా, ఆయనకు వినపడుతుంది."

"వినపడనీ. ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేశాను. లైన్ కలవలేదన్నవాణ్ణి ఇంటికెళ్ళి పడుకుని లేచి రమ్మని ఒక్కనాడూ అనలేదు."

ఫోన్లో ఆయన దగ్గాడు. "పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టండి మేడమ్." కొట్టింది. "డ్రైవ్ తీసేసి మళ్ళీ తగిలించండి." తగిలించింది. "వీపీఎన్ ఆపి మళ్ళీ కలపండి." కలిపింది. పచ్చ టిక్కు నవ్వుతూ వచ్చింది. ఆ టిక్కును చూస్తే కోడలికి అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మధ్యలో మొగుడి ఫోన్. "ఏమైంది, బీరువా తెరుచుకుందా?"

"లేదు."

"ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్."

"మీరూ ఆయనా ఒకే బడిలో చదివారా?" అని పెట్టేసింది.

పది దాటింది. అత్తగారికి మంచినీళ్ళు కావాలి. ఇచ్చింది. దిండు ఎత్తుగా ఉంది. తగ్గించింది. మరీ తగ్గింది. పెంచింది. బాత్రూం. చంకల కింద చేయి వేసి లేపి, అడుగులో అడుగు వేయించి తీసుకెళ్ళి, తీసుకొచ్చి పడుకోబెట్టేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఫోన్లో హెల్ప్‌డెస్కాయన, "ఉన్నారా మేడమ్, ఉన్నారా" అంటూనే ఉన్నాడు. పై అధికారిని అడిగి మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.

పదకొండుకు పావు తక్కువ. ఆమె ఊరికే తెరను చూస్తూ కూర్చుంది.

"ఏమైనా తప్పు నంబర్ కొడుతున్నావేమో చూసుకో అమ్మాయ్" అంది అత్తగారు.

"అందులో నంబర్లు కొట్టేది ఏమీ ఉండదు."

"ఉంటుంది. నంబర్ లేకుండా ఏ లైనూ కలవదు. మా రోజుల్లో..."

"మీ రోజులు కావు అత్తయ్యా ఇవి." గొంతు తనకు తెలియకుండానే లేచింది. "పొద్దున్నించీ చూస్తున్నాను. నీళ్ళు, దిండు, దుప్పటి, మా రోజులు. నాకు ఇంకా గంట టైముంది. హాల్లో కూర్చున్నన్నాళ్ళూ ఎలాగో నా పని నడిచింది. మీ పక్కకు వచ్చిన దగ్గర్నుంచే ఈ గతి. మీ పక్కన కూర్చుంటే చాలు, ఏదీ తెరుచుకోదు. ఏ పనీ సాగదు."

అనేసింది. నోరు జారిన మాట పాలకన్నా తొందరగా పొంగుతుంది. తుడవడానికి గుడ్డ ఉండదు.

 అత్తగారు గోడవైపు తిరిగి పడుకోవాలనుకుంది గాని తుంటి తిరగనివ్వలేదు. అందుకని కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరవకుండానే దిండు పక్కన తడిమి ఫోన్ తీసింది. కూతురి నంబర్ నొక్కడానికి ఆమెకు కళ్ళతో పనిలేదు.

"పెద్దమ్మాయ్, నువ్వు చెప్పిన ఆ నర్సుల చోటు. సోమవారానికి మంచం ఖాళీ ఉందేమో కనుక్కో... ఎవరూ ఏమీ అనలేదు. నాకే ఇక్కడ ఉక్కగా ఉంది... కనుక్కుని చెప్పు."

ఫోన్ పొట్ట మీద పెట్టుకుని పడుకుంది.

కోడలు మంచం వైపు జరిగింది. "అత్తయ్యా" అనబోయింది. అంతలో తన ఫోన్ మోగింది. హెల్ప్‌డెస్కాయన. ఎత్తక తప్పదు.

"మేడమ్, మా సార్ ఒక పరీక్ష చేయమన్నారు. నల్ల తెర ఒకటి తెరిపిస్తాను. నేను చెప్పింది టైప్ చేసి, ఏం వచ్చిందో చదవండి." బీరువా నంబర్ చెప్పాడు. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, పది, ఇరవై అయిదు. ఆమె కొట్టింది. నాలుగు వరసలు వచ్చాయి. నాలుగూ ఒకటే.

చదివింది. "నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, పది, నాలుగు నుంచి జవాబు. ఆ చిరునామా అందడం లేదు."

"అయితే సర్వర్ అందడం లేదు మేడమ్."

"అది నాకు ఎనిమిదిన్నరకే తెలుసు."

 మూసిన కళ్ళు మూసినట్టే ఉండగా, అత్తగారు అడిగింది.

"అందడం లేదన్న మాట ఎవరంటున్నారు?"

ఆ గొంతు వేరుగా ఉంది. నీళ్ళు అడిగే గొంతు కాదు. కోడలు ఆమె వైపు తిరిగింది.

"ఎవరో ఒకరు అనాలి కదా" అంది అత్తగారు. "అవతలి ఊరి ఎక్స్ఛేంజ్ లేదంటే అది ఒక రకం. మన ఎక్స్ఛేంజే లేదంటే అది ఇంకో రకం. ఇప్పుడు లేదన్నది ఎవరు?"

"పది, నాలుగు."

"అది ఎవరి నంబరు?"

కోడలికి తెలియదు.  ఫోన్లో కీబోర్డు టకటక వినిపించింది. "మేడమ్, అది... మీ ల్యాప్‌టాప్ నంబరే. ఇంట్లో వైఫై పెట్టె దానికిచ్చింది."

"బీరువా నంబర్ పది, ఇరవై అయిదు కదూ" అంది అత్తగారు. "ముందున్న రెండు అంకెలూ?"

"రెండింటికీ అవేనండీ" అన్నాడు ఆయన. ఈసారి మేడమ్ అనడం మరిచాడు.

అత్తగారు కళ్ళు తెరిచింది. "కాల్ ఊరు దాటలేదు."

 తనే వివరించింది. "మా ఊళ్ళో రెండు వందల ఇరవై అయిదు నంబర్ మందుల షాపుది. పక్క ఊళ్ళో అదే నంబర్ ఒక ప్లీడరుది. ముందు పక్క ఊరి కోడ్ తిప్పకపోతే ప్లీడరు కావాలన్నవాడికి మందుల షాపు పలికేది. తగువు పెట్టుకున్నవాణ్ణి దగ్గు మందు కావాలా అని షాపువాడు అడిగేవాడు. మీ ఆయన బిగించిన ఈ పెట్టె మన ఇంటికి పెట్టుకున్న నంబరూ, ఆఫీసు పెట్టుకున్న నంబరూ ఒకటే. నీ మిషన్ చూస్తుంది, ఇదేదో మన ఊరి నంబరే అనుకుంటుంది. సొరంగం దాకా పోనే పోదు. ఇంట్లోనే వెతికి, లేదంటుంది. ఇంట్లో లేనిమాట నిజమేగా."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు" అంది కోడలు మెల్లగా.

"ఇది ఊళ్ళో ఉన్న పిల్లను చంకలో వెతుకుతోంది."

ఫోన్లో ఆయన గొంతు ఒక్కసారి హుషారయింది. "ఇంట్లో ఇంకో పెట్టె ఉందా మేడమ్? పాతది? దాని నంబర్ వేరే అయ్యుంటుంది."

"హాల్లో ఉంది."

"హాల్లో కూర్చుంటే నడుస్తోందని ఇందాక నువ్వే అన్నావుగా" అంది అత్తగారు. ఆ మాటలో కారం లేదు. లేకపోవడమే కోడలికి పుండు మీద కారమయింది.

ల్యాప్‌టాప్ ఎత్తుకుని హాల్లోకి పరుగెత్తింది. పాత పెట్టెకు కలిపింది. వీపీఎన్ కలిపింది. బీరువా మీద నొక్కింది. రీస్టార్ట్ లేదు, పూజ లేదు. తెరుచుకుంది. ఫోల్డర్లన్నీ ఎప్పుడూ ఎక్కడికీ పోనట్టు వరసగా కూర్చుని ఉన్నాయి.

పన్నెండుకు పన్నెండు నిమిషాలుందనగా తలుపు వెడల్పు సరిచేసి డ్రాయింగు లోపల పెట్టింది. మేడమ్ నుంచి ఒకే మాట వచ్చింది. "అందింది." ఒక నిమిషం తర్వాత ఇంకోటి. "సోమవారం సంగతి మర్చిపో."

కోడలు అది చదివి అక్కడే కూర్చుండిపోయింది. గెలిచిన మనిషిలా లేదు. రెండుసార్లు రీస్టార్ట్‌కు దండం పెట్టింది. హాల్లోకి రావడమే మందని ఒక్కసారీ తట్టలేదు. పక్కన కూర్చున్న మనిషి మీద విరుచుకుపడింది గాని, ఆ మనిషి తల మీద గోడకున్న పెట్టెను కన్నెత్తి చూడలేదు.

వెనక గదిలో అత్తగారి ఫోన్ మోగింది. ఈసారి అత్తగారు ఎత్తకముందే కోడలు వెళ్ళి అందుకుంది.

"అమ్మా, సోమవారానికి మంచం ఉందట" అంటోంది ఆడపడుచు.

"నేను, వదినా."

"నువ్వా. ఏమైంది అక్కడ? ఉక్కగా ఉందంటుందేమిటి అమ్మ?"

"ఉక్క నా నోటి వల్ల వచ్చింది వదినా. మంచం వద్దు. మంచం ఇక్కడే ఉంది."

పెట్టేసి ఆ ఫోన్ దిండు పక్కన పెట్టింది. అత్తగారు పైకప్పు చూస్తోంది.

"అత్తయ్యా, ఇందాక నేనన్న మాట..."

"తప్పేముంది అందులో. నిజమే అన్నావు. నా పక్కన కూర్చుంటే తెరుచుకోలేదు. కారణం నేననుకున్నాను, అంతే." ఆగి, "నువ్వూ అదే అనుకున్నావు" అంది.

కోడలు స్టూలు మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సర్దడానికి అక్కడేమీ లేదు. హెల్ప్‌డెస్కాయన ఇంకా లైన్లోనే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

"ఉన్నారా?"

"ఉన్నాను మేడమ్" అన్నాడు చాలా వినయంగా. "ఇక హాల్లో కూర్చుని చేసుకోండి. టికెట్ మూసేయనా?"

"మూయకండి. నేను హాల్లో కూర్చోను. ఈ గదిలోనే తెరుచుకోవాలి."

"అయితే పెట్టె నంబర్ మార్చాలి. పెట్టె అడుగున పాస్‌వర్డ్ ఉంటుంది, చూడండి."

కోడలు కుర్చీ లాగింది. "ఆ కుర్చీ కాదు, అది ఊగుతుంది" అంది అత్తగారు ఉలిక్కిపడి. "నా మాట విను, స్టూలు ఎక్కు. గోడ పట్టుకో." ఆమె స్టూలు ఎక్కి, గోడ పట్టుకుని, పాస్‌వర్డ్ చదివి దిగేదాకా అత్తగారి చేయి మంచం పట్టీని వదల్లేదు. పడితే పట్టుకునేది తనేనన్నట్టు.

హాల్లోంచి ల్యాప్‌టాప్ తెప్పించి, పెట్టె లోపలి పేజీ తెరిపించాడు ఆయన. "మూడో అంకె పది ఉంది కదా. అది తీసేసి ఇంకేదైనా పెట్టండి. ఏదైనా ఫర్వాలేదు."

కోడలు అత్తగారి వైపు చూసింది. "నంబర్ మీరు చెప్పండి అత్తయ్యా."

"నేనెందుకు. నీకు తోచింది వేసుకో."

"మీరే చెప్పాలి."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "ముప్ఫై ఒకటి వెయ్యి."

వేసింది. పెట్టె మీద దీపాలన్నీ ఆరి, మళ్ళీ ఒక్కొక్కటీ వెలిగాయి. వైఫై కలిసింది. వీపీఎన్ కలిసింది. పచ్చ టిక్కు వచ్చింది. ఇద్దరూ తెరవైపే చూస్తున్నారు. కోడలు బీరువా మీద నొక్కింది.

తెరుచుకుంది.

అత్తగారు గొంతు సవరించుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ అన్న మాట, రిటైరయ్యాక ఒక్కసారి కూడా అనని మాట, అదే నిదానంతో అంది.

"లైన్ కలిసింది. మాట్లాడండి."

  కోడలు మంచం పట్టీ మీదున్న ఆ చేతిని పట్టుకుని, దాని మీద తల ఆనించింది.

ఫోన్లో ఆయన, "మేడమ్, ఉన్నారా, తెరుచుకుందా?" అంటున్నాడు.

కోడలి తల మీద రెండో చేయి వేసి అత్తగారే జవాబు చెప్పింది. "తెరుచుకుంది నాయనా. నువ్విక పెట్టేయ్."